రెప్ప కింద పసుపు

పెళ్ళికూతురికి పసుపు పూయబోయే ముందు నేను ఒక పని చేస్తాను. పిల్ల గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది రెప్ప మెల్లగా లాగి, కంటి తెల్లగుడ్డు చూస్తాను. తెల్లగా ఉంటే సరే, పూసుకోండి అంటాను. మా బంధువుల ఇళ్ళలో ఆడపిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. అవ్వ కంటి డాక్టరు వచ్చిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్ళ నవ్వులతో నాకేం పని.

ఈమధ్య పెనుకొండలో మా తమ్ముడి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. ఇప్పుడు పసుపు వేడుక ఇంట్లో చేయరు కదా, ఫంక్షన్ హాలు కావాలి. హాలు నిండా పచ్చని గుడ్డలు, పచ్చని బెలూన్లు, ప్లాస్టిక్ బంతిపూల దండలు. వచ్చిన ఆడవాళ్ళందరికీ పచ్చ చీరలే. ఫొటోలు తీసే అబ్బాయి నన్ను పక్కకు జరగమంటున్నా వినకుండా పిల్ల రెప్ప లాగి చూశాను. పుట్టపర్తిలో నర్సింగ్ చదివే నా మనవరాలు పక్కనే ఉంది.

"ఏం చూస్తాండావవ్వా, కామెర్లా?" అంది.

"అవును."

"మా పుస్తకాల్లో దానికొక మాట ఉండాదిలే. జాంతోక్రోమియా. పచ్చబారడమని అర్థం. అది రోగం పేరు గాదవ్వా, కంటికి కనపడే రంగు పేరు, అంతే. ఎందుకు పచ్చబారిందో మళ్ళీ వేరేగా కనుక్కోవాల."

రంగుకు పేరు పెట్టడానికి అంత నోరు తిరగని మాట ఎందుకే అని కసిరాను. ఆ తర్వాత ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. ఎవరో ప్లేటులో బిర్యానీ పెట్టి తెచ్చారు, తినలేకపోయాను. ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆ రోజుల్లో మా ఇంట్లో రంగుకు కొదవ లేదు. ఎందుకు అని అడిగేవాళ్ళే లేకపోయారు.

మా అమ్మ పుట్టిల్లు ధర్మవరంలో. దూది ఏకే ఇల్లు. నమాజు చేసేవాళ్ళమే గానీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. చుట్టూ మగ్గాలు. ఆ వీధిలో పొద్దున లేస్తే ఒకటే చప్పుడు, ఎవరింట్లోనో పట్టు ఉడకబెట్టే కమురు వాసన. మా తాత మాత్రం మగ్గం జోలికి పోలేదు. గోడకు తగిలించిన పెద్ద విల్లు దించి, నరంతో చేసిన తీగను కట్టెతో కొడుతూ దూది ఏకేవాడు. టుంయ్, టుంయ్ అని ఆ తీగ మోగుతుంటే దూది పైకి లేచి ఇల్లంతా తిరిగేది. మా తలల్లో దూది, మా పక్కల్లో దూది, ఆఖరికి రాగి సంగటి ముద్దలో కూడా దూది. ఎండాకాలం సెలవులిస్తే చాలు, నేను అక్కడ వాలిపోయేదాన్ని. ఇప్పుడు ఆ వీధిలో దూది ఏకే ఇల్లు ఒక్కటీ లేదు. పరుపులు షాపుల్లో ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని నిలబడి ఉంటున్నాయి.

అమ్మ ఆఖరి చెల్లెలు మా పిన్నమ్మ. ఆమె కోసమే నేను పోయేది. చెనక్కాయలు పళ్ళతో ఒలిచి నా నోట్లో వేసేది. మగ్గాల ఇళ్ళ వెనక పారేసిన పట్టు పోగులు ఏరుకొచ్చి నా జడకు అల్లేది. పిన్నమ్మ నలుపు. చామనచాయ అని సర్దుకునే నలుపు కాదు, అసలు సిసలు నలుపు. మా అవ్వ, అంటే అమ్మమ్మ, ఆమెను కర్రిదానా అనే పిలిచేది, ముద్దొచ్చినప్పుడూ అదే, కోపమొచ్చినప్పుడూ అదే. తాత మాత్రం, "నా బిడ్డ కండ్లు చూడండబ్బా, నేను ఏకిన దూది గూడ అంత తెల్లగుండదు" అని వచ్చినవాళ్ళకు చెప్పుకునేవాడు. వచ్చినవాళ్ళు కళ్ళు చూడలేదు. ఒంటి రంగు చూసి, ఉగ్గాని తిని, టీ తాగి వెళ్ళిపోయారు. అలా ఎన్ని సంబంధాలు తిరిగి పోయాయో.

చివరికి హిందూపురం సంబంధం కుదిరింది. పిల్లవాడు మిరపకాయల మండీలో పని చేసేవాడు. చూసుకోవడానికి వాళ్ళమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, గట్టి గొంతు. పిన్నమ్మ చేతులు తిప్పి చూసింది, నడిపించి చూసింది.

"పిల్ల పనిమంతురాలే. కొంచెం కప్పుగుండాది" అంది. కప్పు అంటే నలుపని అటువైపు కన్నడం కలిసిన మాట. అవ్వ ముఖం వాడిపోవడం చూసి, "పోనీలేమ్మా, పెండ్లికి కూర్చోబెట్టినాక రంగు తేలుతాదిలే" అని కూడా అంది. ఆమె ఏదో ఓదార్పుగా అన్న మాట అది. అవ్వ మాత్రం దాన్ని గుండెలో పెట్టుకుంది.

మా వాళ్ళలో మాంజా అని ఉంది. నిఖాకు ముందు కొన్ని రోజులు పెళ్ళికూతుర్ని ఒక గదిలో కూర్చోబెడతారు. పచ్చబట్టలు కడతారు, ఒళ్ళంతా పసుపు పూస్తారు. ఎండ తగలకూడదు. అద్దం చూసుకోకూడదు. తల వంచుకునే ఉండాలి, ఎవరొచ్చినా కళ్ళెత్తకూడదు. అందరి ఇళ్ళలో పొద్దున ఒకసారి పూస్తే మా అవ్వ సాయంత్రం కూడా పూసింది. అంగడి పొడిని నమ్మక కదిరి నుంచి కొమ్ములు తెప్పించి తనే దంచింది. మీగడ, సెనగపిండి కలిపి, రెండు చేతులా రుద్ది రుద్ది పూసేది. రుద్దేటప్పుడు పళ్ళు బిగపట్టేది. చూస్తే బిడ్డకు పూస్తున్నట్టు ఉండేది కాదు, ఇత్తడి బిందె తోముతున్నట్టు ఉండేది.

గది కూడా దూది గదే. ఒక పక్క కప్పు దాకా తెల్లటి దూది, మధ్యలో తాత కొత్తగా కుట్టిన పరుపు, కిటికీకి పాత చీర. పసుపు పూసిన పిల్లను గాలి వెతుక్కుంటూ వస్తుందట, అందుకని దిండు కింద అడకత్తెర పెట్టి, ఒంటరిగా వదలకూడదని నన్ను తోడు కూర్చోబెట్టారు. ఆ పని నాకు పండగలా ఉండేది. పెళ్ళికూతురి మలీదా నాకూ దొరికేది, నెయ్యి కారుతూ, బెల్లం నోట్లో కరుగుతూ. పసుపు గిన్నె నా చేతికందేది. ఒకసారి ఆ పసుపంతా మా తెల్ల మేకపిల్లకు పూసి పెళ్ళికూతుర్ని చేశాను. అది వీధిలోకి పరుగెత్తి మగ్గాల వాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంటలో దూరితే వాళ్ళు నవ్వి నవ్వి చచ్చారు. అవ్వ నన్ను చీపురు పట్టుకుని తరిమింది. ఎండలో తిరిగి తిరిగి మేకపిల్ల మళ్ళీ తెల్లబడింది.

పిన్నమ్మ మొదట్లో బాగానే ఉంది. తర్వాత అన్నం వద్దంది. నెయ్యి వాసనకు వాంతి చేసుకుంది. అమ్మానాయనలను వదిలిపోతున్నానన్న దిగులు అన్నారు. ఒళ్ళంతా గీరుకునేది. పసుపు ఒళ్ళు లాగేస్తుంది కదా అన్నారు. ఆమె ఒంటికి పోయొచ్చాక దొడ్లో నీళ్ళు పోయడానికి నేనే పోయేదాన్ని, అక్కడ కాఫీ డికాషన్ రంగు కనపడితే అవ్వకు చెప్పాను. ఎండాకాలం, వేడి చేసిందని మజ్జిగ పంపింది. ఏది అడిగినా జవాబు ఉండేది ఆ ఇంట్లో.

మధ్యాహ్నాలు నేను పిన్నమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకునేదాన్ని. అలా పడుకుని పైకి చూడగలిగింది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. పెళ్ళికూతురు తల వంచుకుంటుంది, ఎదురుగా ఉన్నవాళ్ళకు నెత్తి కనపడుతుంది, రెప్పలు కనపడతాయి. ఒడిలో ఉన్నదానికి కళ్ళు కనపడతాయి. ఒకరోజు చూస్తే ఆ కళ్ళలో తెలుపు లేదు. నల్లగుడ్డు చుట్టూ పచ్చగా ఉంది, వెనక దీపం పెట్టిన గాజులా.

లేచి పరుగెత్తి అవ్వకు చెప్పాను. "పసుపు కంట్లో పడుంటాదిలే. కడుక్కోమని చెప్పుపో" అంది. పెళ్ళి పనులకు వచ్చిన మా అమ్మకు చెప్పాను. అమ్మ కూడా అదే మాట చెప్పి, నా చేతికున్న పసుపు చూసి నన్నే తిట్టింది. తాతకు చెబితే ఆయన లేచి వచ్చాడు గానీ, మాంజా గదిలోకి మగవాళ్ళు పోరు. గడప బయట నిలబడి, "ఏమ్మా, బాగుండావా?" అని అడిగాడు. లోపలినుంచి పిన్నమ్మ, "బాగుండా నాయనా" అంది. ఆయన వెళ్ళిపోయాడు.

ఇంకోపక్క వచ్చిపోయే ఆడవాళ్ళు తలుపు దగ్గర నిలబడి ముక్కున వేలేసుకునేవాళ్ళు. "ఏం రంగు తేలిందమ్మా నీ బిడ్డ. మా పిల్లకు గూడ ఇట్లనే పూస్తాం, చెప్పు ఏమేం కలిపినావో" అనేవాళ్ళు. అవ్వ మీగడ సంగతి చెప్పేది, సెనగపిండి సంగతి చెప్పేది. చెబుతూ చెబుతూ లోపలికి తొంగి చూసుకునేది. అవ్వ అంత సంతోషంగా ఉండగా నేను ముందెప్పుడూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఇన్నేళ్ళూ ఆమె బిడ్డను చూసి పెదవి విరిచినవాళ్ళు ఇప్పుడు ఆమె గడప దగ్గర నిలబడి పసుపు కలిపే పద్ధతి అడుగుతున్నారు.

ఒక మధ్యాహ్నం పిన్నమ్మ నన్ను తట్టి లేపింది.

"నాయన్ను కొంచేపు ఆ ఏకుడు ఆపమని చెప్పు పాపా. తల పగిలిపోతాండాది" అంది.

నాకేమీ వినపడలేదు. అయినా పోయి చూశాను. ఇంటినిండా చుట్టాలున్నారని తాత పని ఎప్పుడో ఆపేశాడు. విల్లు మేకుకు వేలాడుతోంది. దాని కింద తాత తువ్వాలు ముఖాన కప్పుకుని నిద్రపోతున్నాడు. తిరిగి వచ్చి ఎవరూ ఏకడం లేదని చెప్పాను.

"అయితే యాడ మోగుతాంది?" అని పిన్నమ్మ కళ్ళెత్తి నన్ను చూసింది. పచ్చబట్ట, పచ్చ ముఖం, పచ్చ కళ్ళు. వెనక తెల్లటి దూది గుట్ట. ఆ చూపు నన్ను చూసినట్టు లేదు. నా వెనక ఇంకెవరో నిలబడి ఉంటే వాళ్ళను అడుగుతున్నట్టు ఉంది. వెనక్కి తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజు నుంచి నేను ఒడిలో పడుకోలేదు. గడప మీద కూర్చుని తోడున్నాను.

నిఖాకు ముందురోజు మంగళస్నానం. దొడ్లో పీట వేసి, నాలుగు పక్కలా చీరలు కట్టి, ఆడవాళ్ళు పాటలు పాడుతూ నీళ్ళు పోశారు. సీకాయ వేశారు, సెనగపిండి రుద్దారు. మొదట నీళ్ళు చిక్కటి పసుపుతో కాలువలోకి పారాయి. పోయగా పోయగా నీళ్ళు పలచబడ్డాయి, తర్వాత బావిలోంచి తోడిన నీళ్ళు ఎలా ఉంటాయో అలా తేటగా పారాయి. పీట మీద పిన్నమ్మ మాత్రం అలాగే పచ్చగా ఉంది.

"ఎంత బాగా పట్టిందమ్మా పసుపు" అంది ఒకామె.

అవ్వ పిన్నమ్మ భుజాన్ని బొటనవేలితో గట్టిగా రుద్దింది. వేలు వెలుగులోకి తెచ్చి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు. పక్కన చెంబు పట్టుకుని నిలబడ్డ నేను కూడా ఆ వేలు చూశాను. అవ్వ ఒక్క క్షణం ఆగింది. అంతలోనే ముఖం విప్పారింది. బిడ్డ తల చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించి, దిష్టి పోవాలని మెటికలు విరిచింది.

మర్నాడు హిందూపురం వాళ్ళు వ్యానులో దిగారు. పెళ్ళికొడుకు సన్నటి మనిషి. ఎంత స్నానం చేసినా మండీ ఘాటు పోదు కాబోలు, దగ్గరికి పోయిన ఆడవాళ్ళు తుమ్ముతూ ఆయన్ను ఆటపట్టించారు. ఖాజీ నిఖా చదివాడు. ఆ తర్వాత జల్వా. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతుర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మీద ఒక దుప్పటి కప్పి, మధ్యలో అద్దం పెడతారు. ఒకరి ముఖం ఒకరు అద్దంలో చూసుకోవాలి. ఏం కనపడిందని ఆడవాళ్ళు అడుగుతారు. చందమామ కనపడిందని పెళ్ళికొడుకు చెప్పాలి. చెప్పేదాకా వదలరు. తోడుపిల్లనని నన్ను కూడా దుప్పటి కింద దూరనిచ్చారు.

అద్దంలో నాకు రెండు ముఖాలూ కనపడ్డాయి. పిన్నమ్మ ఇన్నాళ్ళకు మొదటిసారి తన ముఖం చూసుకుంది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత పచ్చని కొంగు చివర పట్టుకుని అద్దం తుడిచింది. మళ్ళీ చూసింది. మళ్ళీ తుడిచింది.

"ఏం కనపడిందప్పా, చెప్పు" అని బయట నవ్వులు.

ఆయన పిన్నమ్మ చేతిని పట్టుకుని తుడవడం ఆపాడు.

"చెప్పకుంటే వదిలేది లేదు, ఏం కనపడిందబ్బా?"

"కండ్లు పచ్చగుండాయి" అన్నాడు. గొంతు చిన్నగా వచ్చింది. బయట ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆయన దుప్పటి తీసేసి, "మ్మా, ఈడికి రా. ఈమె కండ్లు చూడు" అని వాళ్ళమ్మను పిలిచాడు.

ఆ పొడుగాటి మనిషి వచ్చి కింద కూర్చుంది. పిన్నమ్మ గడ్డం ఎత్తి, బొటనవేలితో రెప్ప లాగింది.

"పసుపమ్మా అది. కంట్లో పడింది" అంది అవ్వ.

"పసుపు పడితే కన్ను ఎర్రగైతాది. పచ్చగ గాదు" అందామె. కోపంగా అనలేదు. "యా పొద్దు నుంచి ఇట్లుండాది?"

అవ్వ అందరి ముఖాలూ చూసింది. నా ముఖం కూడా చూసింది.

పెళ్ళి చెడిపోతుందని, ఇంతమందిలో పరువు పోతుందని మా వాళ్ళు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. పెళ్ళికొడుకు తల్లి లేచి, "నిఖా అయిపోయింది. ఇంగ ఇది మా బిడ్డ. అన్నాలు మళ్ళ తిందురు, వ్యాను తీయమనండి" అంది. ఎక్కడ రోగపు పిల్లను ఇచ్చి మోసం చేశామంటుందోనని మేము భయపడ్డ మనిషి ఆవిడే.

వ్యానులో అవ్వ ఒడిలో పిన్నమ్మ తల, కాళ్ళ దగ్గర నేను. పెనుకొండ దగ్గర పడుతుండగా, అక్కడ కామెర్లకు పసరు పోసేవాళ్ళున్నారు, ఆపి పోదామని ఎవరో అన్నారు. పెళ్ళికొడుకు ఒప్పుకోలేదు. డ్రైవరు పక్కన కూర్చుని, "పోనీ అన్నా, పోనీ" అంటూనే ఉన్నాడు. కొండ నీడ రోడ్డు మీద పడింది. వ్యానులో ఎండ తగ్గి ముఖాలు మసకబారాయి. ఆ మసకలో కూడా పిన్నమ్మ ముఖం పచ్చగానే తెలుస్తోంది. అప్పుడు ఆమె కళ్ళు తెరిచింది.

"మ్మా, రంగు తేలినానా?" అని అడిగింది.

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిన్నమ్మ మళ్ళీ అడగలేదు. ఆమె మాట్లాడగా నేను విన్న ఆఖరి మాట అదే.

హిందూపురం ఆసుపత్రిలో డాక్టరు కాలేయం పాడైందని, చాలా ఆలస్యమైందని చెప్పాడు. పిన్నమ్మ నిద్రపోతూనే ఉంది. మా కొత్త చిన్నాయన పెళ్ళిబట్టలు కూడా మార్చుకోకుండా వరండాలో కూర్చున్నాడు. ఎవరైనా వచ్చి పలకరిస్తే లేచి నిలబడేవాడు, వాళ్ళు పోయాక మళ్ళీ కూర్చునేవాడు. భార్యతో ఆయన ఒక్క మాట మాట్లాడింది లేదు. కొన్నాళ్ళకు ఆమె నిద్రలోనే పోయింది.

మా ఇంటి కోడలు, ఇక్కడే మట్టి చేస్తామని ఆయన తల్లి పట్టుబట్టింది. ఖననానికి ముందు స్నానం చేయించడానికి ఆ వీధి ఆడవాళ్ళే వచ్చారు. వాళ్ళెవరూ పిన్నమ్మను ముందు చూసినవాళ్ళు కాదు. అడ్డంగా చీరలు కట్టారు. నన్ను దూరంగా పొమ్మన్నారు గానీ నేను చీర అంచు పట్టుకుని ఇవతలే నిలబడ్డాను. నీళ్ళు పోస్తున్న చప్పుడు, మధ్యమధ్యలో కర్పూరం వాసన. నీళ్ళు నా కాళ్ళ దాకా పారి వచ్చాయి. తేటగా ఉన్నాయి.

"ఎంత రంగు పిల్లమ్మా" అంది లోపల ఒక గొంతు, జాలిగా. "బంగారు మాదిరి ఉండాది బిడ్డ. ఇట్లాంటి పిల్లకు ఈ రాత ఏంది?"

నీళ్ళ చప్పుడు ఆగింది.

"నా బిడ్డ ఈ రంగు గాదు" అంది అవ్వ.

మళ్ళీ ఆమే అంది.

"నా బిడ్డ నల్లది. నల్లదమ్మా నా బిడ్డ. మీరు చూళ్ళేదు. నిగనిగలాడతా ఉండె."

మళ్ళీ నీళ్ళు పోసిన చప్పుడు, రుద్దిన చప్పుడు. చెంబు మీద చెంబు. చాలమ్మా, అయిపోయిందని ఆడవాళ్ళు చెబుతున్నా ఆ చప్పుడు ఆగలేదు. చివరికి పెళ్ళికొడుకు తల్లి, "ఇంగ చాలు వదినా, చల్లబడిపోతాదా నీళ్ళకు నీ కడుపు" అని చెంబు లాక్కున్నట్టుంది, రాతి మీద ఖణేలుమని పడింది. ఆ తర్వాత అవ్వ ఏడుపు వినపడింది.

నాకిప్పుడు అప్పటి అవ్వ కంటే ఎక్కువ వయసు. పిన్నమ్మ ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు, నల్లపిల్లకు ఫొటో ఎందుకని తీయించలేదు. ఆమె చెనక్కాయలు ఒలిచిన వేళ్ళు గుర్తున్నాయి, నవ్వు గుర్తుంది, నా జడలో పోగులు అల్లేటప్పుడు మెడకు తగిలే ఊపిరి కూడా గుర్తుంది. కళ్ళు మూసుకుని ముఖం తెచ్చుకోవాలని చూస్తే మాత్రం ప్రతిసారీ ఆ పచ్చటి ముఖమే వస్తుంది. ఆమె నల్లదని నాకు తెలుసు. ఎంత ప్రయత్నించినా ఆ నలుపు కనపడదు.